తులసి తీర్థం పోసే ముందు

మంచాన పడి రోజులు లెక్కబెట్టుకుంటున్న మనిషికి దైవపరంగా ఏదైనా చేద్దామంటే మన ఇళ్ళలో ముందు గుర్తొచ్చేది తులసి తీర్థం. ఎక్కువ చిక్కు వచ్చేదీ దానితోనే. ఆఖరి రోజుల్లో చాలామందికి మింగే శక్తి పోతుంది, పోసిన నీళ్ళు ఊపిరిగొట్టంలోకి దిగుతాయి. ఉద్ధరిణెడు నీళ్ళంటే సుమారు 5 మిల్లీలీటర్లు. పొలమారడానికి అది చాలు. పైగా చూడవచ్చిన చుట్టాలు తలా ఒక ఉద్ధరిణె పోస్తారు.

తల కింద దిండ్లు పెట్టి ఎత్తు చేయండి, లేదా మనిషిని మెల్లగా పక్కకు తిప్పండి. మెత్తటి నూలుగుడ్డ తీర్థంలో ముంచి, చుక్క కారనంతగా పిండి, పెదవులకూ బుగ్గ లోపలికీ అద్దండి. దూదైతే పోగులు నోట్లో మిగిలిపోతాయి. తులసి ఆకు నాలుక మీద వదలకండి, జారి గొంతుకు అడ్డం పడుతుంది. తడిపి పెదవులకు తాకించి తీసేయండి. గంటకో రెండు గంటలకో ఇలా చేస్తుంటే నోరు ఎండిపోదు కూడా. వంతులు వేసుకోండి, అందరూ ఒక్కసారే మీద పడొద్దు.

గదిలో ఆక్సిజన్ నడుస్తుంటే దీపం, అగరుబత్తి, కర్పూరం ఏవీ వద్దు. నిప్పు కనీసం పదడుగుల దూరంలో ఉండాలి. ఆక్సిజన్ లేకపోయినా సాంబ్రాణి పొగ ఆయాసం పెంచుతుంది. దీపం పూజగదిలోనే వెలిగించి, కుంకుమో పువ్వో తెచ్చి చేతిలో పెట్టండి.

నొప్పి తగ్గడానికి ఇచ్చే మార్ఫిన్ మందు విషయంలో ఒక భయం ఉంటుంది. పైకి చెప్పరు కానీ చాలా ఇళ్ళలో ఉంటుంది: ‘మత్తులో పోతే ఆఖరి క్షణంలో భగవంతుడి పేరు తలచుకోలేరు కదా’ అని. గీత ఎనిమిదో అధ్యాయంలో అంతకాలంలో నన్నే స్మరించేవాడు నన్నే చేరతాడన్న మాట ఉంది కాబట్టి ఆ భయం ఊరికే వచ్చింది కాదు. దాంతో మాత్రలు దాచేస్తారు, డోసు సగం చేస్తారు. నొప్పితో మెలికలు తిరిగే మనిషికి నామం ఎక్కడ గుర్తుంటుంది? డాక్టరు చెప్పిన డోసు వేళకు వేస్తే మొదట్లో వచ్చే మగత మామూలుగా రెండు మూడు రోజుల్లో తగ్గుతుంది. ఎక్కువగా ఉంటే డాక్టరుకు చెబితే డోసు సరిచేస్తారు. ఇక పెద్దవాళ్ళకు ధైర్యం చెప్పాలంటే వరాహ చరమశ్లోకం ఉంది. ఒళ్ళూ మనసూ బాగున్నప్పుడు నన్ను తలచుకున్నవాడు, కట్టెలా రాయిలా పడి ఉన్నప్పుడు నేనే వాణ్ణి తలచుకుంటాను అంటాడు స్వామి. వైష్ణవుల ఇళ్ళలో ఈ ఒక్క మాటకు దిగులు తగ్గినంతగా ఇంకే సలహాకూ తగ్గదు.

స్పృహ లేనట్టు కనిపించినా వినికిడి ఉందనే అనుకుని మెలగాలి. 2020లో కెనడా వాంకూవర్‌లో హాస్పిస్‌లో, అంటే ఆఖరి రోజుల రోగులను చూసుకునే చోట, ఉన్నవాళ్ళ మెదడు తరంగాలు కొలిచిన పరిశోధన కూడా, స్పందించని స్థితిలోనూ కొందరి మెదడు శబ్దాన్ని అందుకుంటోందని చూపించింది. అందుకని ఫోను చెవి పక్కన పెట్టి విష్ణు సహస్రనామం రోజంతా తిప్పడం ఉపకారం కాదు, హింస. పది పదిహేను నిమిషాలు, తక్కువ గొంతుతో, వీలైతే ఇంట్లో మనిషే చదవాలి. తర్వాత నిశ్శబ్దం. వినికిడి మిషను ఆసుపత్రిలో తీసి సంచిలో పడేస్తారు, వెతికి పెట్టండి. అన్నిటికన్నా ముఖ్యం, ‘ఈ రెండ్రోజుల్లో పోతే ధనిష్ఠా పంచకం, ఇల్లు వదిలేయాలి’ అని మంచం పక్కన లెక్కలు వేయొద్దు. ఆ మాట వింటే మంచం మీదున్న పెద్దావిడ తను పిల్లలకు బరువైపోయానే అని కుమిలిపోతుంది.

‘నేనేం పాపం చేశానురా’ అని అడిగితే పూర్వజన్మ కర్మ అనకండి. అది ఓదార్పు కాదు, తీర్పు. ‘ఏం గుర్తొస్తోందమ్మా?’ అని అడిగి ఊరుకోండి. చాలాసార్లు బయటికొచ్చేది తత్త్వం కాదు. మాటల్లేని తమ్ముడో, తీర్చని అప్పో, తిరుపతి మొక్కో. మొక్కయితే ముడుపు కట్టించండి: తెల్లగుడ్డ పసుపులో తడిపి ఆరబెట్టి, అందులో పదకొండు రూపాయలో నూటపదహార్లో ఆమె చేత్తోనే వేయించి మూడు ముళ్ళు వేయాలి. వేళ్ళు వణికితే మీ చెయ్యి ఆసరా ఇవ్వండి, ముడి మాత్రం ఆవిడదే. ‘ఇది నేను తీరుస్తానమ్మా’ అని ఇంట్లో ఒకరు పేరు పెట్టి ఒప్పుకోవాలి. ‘అందరం చూసుకుంటాంలే’ అంటే ఎవరూ చూడరని ఆవిడకు తెలుసు. గోదానం చేయించాలన్నా తెలివి ఉండగానే, పురోహితుడికి ముందే చెప్పి, సంకల్పం క్లుప్తంగా కానిచ్చేయాలి.

కింద పడుకోబెట్టే ఆచారం దగ్గర జాగ్రత్త. క్యాన్సర్ ఎముకలకు పాకినవాళ్ళను కదిపితే ప్రాణం విలవిల్లాడుతుంది. మంచం కింద దర్భలు పరిస్తే చాలని ఒప్పుకునే పురోహితులు ఉన్నారు, ముందే అడగండి. దించక తప్పదంటే అదనపు డోసు గురించి డాక్టరును అడిగి, మందు పనిచేశాక, నలుగురు దుప్పటి నాలుగు మూలలూ పట్టి దించాలి. చంకల్లో చేతులు వేసి లాగకూడదు.

కతోలికుల ఇళ్ళలో అభ్యంగనానికి, అంటే రోగికి పవిత్ర తైలం పూసే సంస్కారానికి, ఫాదర్‌ను ఆఖరి గంటలో కాదు, మాట్లాడగలిగినప్పుడే పిలవండి. పాపసంకీర్తనం చేసుకోవాలంటే, అంటే పాపాలు చెప్పి ఒప్పుకోవాలంటే, మాట ఉండాలి కదా. ముస్లింలకు కలిమా అనే విశ్వాస వాక్యం చెవి దగ్గర మెల్లగా చెప్పాలి, ‘అనండి, అనండి’ అని ఒత్తిడి చేయకూడదు. ఒకసారి పలికితే చాలు, మధ్యలో వేరే మాట మాట్లాడితేనే మళ్ళీ గుర్తుచేస్తారు. కుడివైపు ఒత్తిగిల్లి ఖిబ్లా వైపు, అంటే మన దగ్గర పడమర వైపు, ముఖం ఉండేలా పడుకోబెడతారు. పైపులు, సెలైన్ ఉండి ఒత్తిగిలించడం కుదరకపోతే ఉన్నట్టే ఉంచవచ్చు.