కురుపాం మార్కెట్ వెనక సందులో ఒక రాత్రి

విశాఖలో రత్నాచల్ రైలు దిగి స్టేషన్ బయటికి రాగానే ఆటో అతను జగదాంబకి 300 అన్నాడు. నా బ్యాగులు చూసి చెప్పిన రేటు అది. మా విజయవాడలో అంత దూరానికి వంద దాటదు. మిట్టమధ్యాహ్నం స్టాండ్లు, లైట్లు భుజాన వేసుకుని బేరమాడే ఓపిక లేక 250కి ఎక్కేశాను. లాడ్జి చేరేదాకా మనసులో అదే మంట.

వచ్చింది మూడు పోర్ట్రెయిట్ సెషన్ల కోసం. మూడూ పాత ఫిల్మ్ నోయిర్ పద్ధతిలో. 1940ల్లో హాలీవుడ్ తీసిన నేర కథలకి 1946లో నీనో ఫ్రాంక్ అనే ఫ్రెంచి విమర్శకుడు ఆ పేరు వాడాడు, అదే స్థిరపడిపోయింది. ముఖానికి ఒక పక్క గట్టి లైటు, రెండో పక్క చీకటి. చెప్పడానికి అంతే. ఆ చీకటికి మనవాళ్లని ఒప్పించడమే కష్టం. మా నాన్నకి తెనాలిలో స్టూడియో ఉండేది. ముఖం మీద కాస్త నీడ పడితే చాలు, ఫోటో వెనక్కి వచ్చేది. పెళ్లిచూపుల ఫోటో అయితే ఇక చెప్పక్కర్లేదు. అందుకని అటొక లైటు గొడుగు, ఇటొక లైటు గొడుగు పెట్టి నీడన్నదే లేకుండా చేసేవాడు. 'మాయాబజార్' కెమెరామన్ మార్కస్ బార్ట్లే పేరెత్తితే చేతులు జోడించే మనిషే. అయినా, "కౌంటర్ దగ్గర నీడ అమ్ముడుపోదురా" అనేవాడు.

మొదటి రెండు సెషన్ల గురించి పెద్దగా చెప్పడానికి లేదు. ఒక కుర్రాడు ఆన్‌లైన్‌లో కొన్న ఓవర్‌కోటు, టోపీ వేసుకొచ్చాడు. విశాఖ ఉక్కపోతలో పది నిమిషాలకే కాలరు తడిసిపోయింది. గట్టి లైటు కింద ప్రతి చెమట చుక్కా తెల్లటి మచ్చలా పడుతుంది. తుడవడంతోనే సాయంత్రం అయిపోయింది.

మూడో సెషన్ ఒక లాయరు గారిది. నలభై ఏళ్లుంటాయి. "టోపీ, కోటు అద్దెకి తేవాలా?" అని ఫోన్లో అడిగితే, "నా నల్లకోటు ఉంది కదండీ" అన్నారు. నాకు ఆ మాట ఎంతో నచ్చింది. చోటు కూడా ఆవిడే చెప్పారు. కురుపాం మార్కెట్ వెనక, ఆవిడ పుట్టి పెరిగిన సందు.

రాత్రి ఎనిమిదింటికి ఏసీ గదిలోంచి తిన్నగా అక్కడికి వెళ్లి కెమెరా తీస్తే లెన్సు నిండా ఆవిరి. తుడిస్తే మళ్లీ పట్టింది. చల్లబడిన గాజుకి తేమ గాలి తగిలితే అంతే, గాజు బయటి వేడికి వచ్చేదాకా ఏమీ చేయలేం. బ్యాగు జిప్పు తీయకుండా అరగంట బయట ఉంచాల్సింది. బెజవాడలో ఉక్క లేదని కాదు, కానీ సముద్రపు గాలి సంగతి వేరు. ఇరవై నిమిషాలు ఆవిడని నిలబెట్టేశాను.

తర్వాత వీధి దీపాలతో తంటా. 2014లో హుద్‌హుద్ తుఫాను వచ్చి వెళ్లాక పాత సోడియం దీపాల చోట ఎల్‌ఈడీలు పెట్టారు. నడిచేవాళ్లకి మంచిదే. నాకు మాత్రం సందంతా తెల్లగా, చదునుగా కనిపించింది. ఒక పాత ఇంటి సన్‌షేడ్ కింద ఆ వెలుగు పడని మూల దొరికింది. బ్యాటరీతో నడిచే చిన్న లైటుకి, వెలుగుని ఒకచోటికి చేర్చే ఫ్రెనెల్ లెన్సు బిగించి, ఎడమ పక్క తలకంటే ఎత్తులో పెట్టాను. ముఖం బాగా వచ్చింది. కోటు మాత్రం చీకట్లో కలిసిపోయింది. ముఖం, మెడ దగ్గర తెల్ల బ్యాండ్లు గాల్లో వేలాడుతున్నట్టు ఉన్నాయి. దీనికి ఆ సినిమాలవాళ్ల ఉపాయం ఒకటుంది. రోడ్డు తడిపి, వెనక నుంచి ఇంకో లైటు వేస్తే తడి నేల మెరుస్తుంది. ఆ మెరుపు మీద నల్లటి భుజం గీత తెలుస్తుంది.

ఎదురింటి తలుపు కొట్టాను. నైటీ మీద తువ్వాలు వేసుకున్న ఒక పెద్దావిడ వచ్చింది.

"అమ్మా, రెండు బకెట్ల నీళ్లు ఇస్తారా? రోడ్డు మీద పోయాలి."

"రోడ్డు మీదా? ఏటి బాబూ, మాకు కుళాయి వచ్చేది పొద్దున్న ఒక్క గంట. బిందెలు పట్టుకోవాలా, రోడ్డు కడగాలా? దీపాలెట్టాక వాకిట్లో కళ్లాపి ఎవరైనా సల్లుతారేటి?"

సిగ్గేసింది. ట్యాంకరు కోసం మా అమ్మ బిందెలు వరస పెట్టిన రోజులు నాకు తెలియనివి కావు. సారీ చెప్పి వెనక్కి తిరుగుతుంటే ఆవిడ లాయరు గారిని చూసి గుర్తుపట్టింది. ఏమీ అనకుండా లోపలికి వెళ్లి, బట్టలు జాడించిన నీళ్లు టబ్బుతో సహా ఈడ్చుకొచ్చింది.

"కాలవలో పొయ్యాల్సినవే. పట్టుకెళ్లు."

నీలిమందు వేసిన నీళ్లు. పోస్తే సిమెంటు రోడ్డు మీద అక్కడక్కడా నురగ తేలింది. లైటు పడేసరికి ఆ నురగ దూది పింజల్లా కనబడుతోంది. నేను కాలితో తోస్తుంటే ఆవిడ పుల్లల చీపురు తెచ్చి, నురగంతా తనే కాలవలోకి ఊడ్చేసింది. కింద నేల నల్లగా, నిగనిగలాడుతూ తేలింది. వెనక లైటు వేశాను. కోటు భుజం గీత గీసినట్టు వచ్చింది. ముక్కు దూలం దాకా వెలుగు, అవతల చీకట్లో రెండో కంట్లో ఒక్క చుక్క మెరుపు. ఆ ఫ్రేము కోసమే నేను ఈ పని చేస్తున్నాను.

స్క్రీను మీద పెద్దావిడ కూడా చూసింది. "సగం మొకం ఏదీ?"

"ఉందిలే పిన్నీ. నీకు తెలిసిందేగా" అన్నారు లాయరు గారు.

సామాను సర్దుతూ తలెత్తితే పెద్దావిడ గుమ్మంలో చీపురు పట్టుకుని నిలబడి ఉంది. వెనక గదిలో పసుపు బల్బు. జుట్టు అంచు, ఒక భుజం, చీపురు పుల్లల కొసలు, అంతవరకే వెలుగు. ఒక్క ఫోటో తీసుకోనా అని అడిగాను.

"వద్దు బాబూ. నైటీలో ఉన్నాను."

"మొహం చీకట్లోనే ఉంటుందమ్మా. ఎవరికీ తెలీదు."

"నాకు తెలుస్తాది కదా."

లెన్సుకి మూత పెట్టేశాను.

"ఆ టబ్బు ఇలాగిచ్చి ఎల్లు" అంది.