పిల్లి శాపాలకు ఉట్టి తెగదు గానీ

మా అవ్వ మొన్న ఉట్టిని ఇంకో జానెడు పైకి కట్టించింది. ఇది మూడోసారి. ఇప్పుడు అది ఎంత ఎత్తులో ఉందంటే, పెరుగు కావాలంటే పీట వేసుకుని ఎక్కాలి, మోకాళ్ళ నొప్పులతో అవ్వ ఎక్కలేదు కాబట్టి "ఒరే, ఒక్కసారి వచ్చి దించిపోప్పా" అని నన్ను పిలుస్తుంది, నేను ఆఫీసు కాల్‌లో ఉన్నా మ్యూట్ కొట్టి పోవాల్సిందే.

ఫ్రిజ్ ఉండగా ఈ కాలంలో ఉట్టేంది అని అడుగుతారని తెలుసు. ఆ గొడవంతా చెప్పడానికే కూర్చున్నా.

కడపలో మా ఇంట్లో రెండు జీవాలున్నాయి. కుక్క పేరు కర్రోడు, నల్లగా ఉంటాడు కాబట్టి, పేరు గురించి అంతకుమించి ఎవరూ ఆలోచించలేదు. వీధికుక్కే, నాలుగేళ్ళ కిందట ఒక వానరాత్రి మా స్కూటర్ కింద దూరి తెల్లారినా పోలేదు. పిల్లి పేరు సుబ్బులు. పెట్టింది మా నాయన. పెట్టాక గుర్తొచ్చింది, మా వీధిలోనే ఆ పేరున్నవాళ్ళు ఇద్దరున్నారని. అందుకే అవ్వకు ఎంత కోపమొచ్చినా గొంతు తగ్గించి తిట్టాలి. గొంతు తగ్గిస్తే అవ్వకు తిట్టిన తృప్తి ఉండదు, అది వేరే బాధ.

పోయిన ఎండాకాలం మొదలైంది ఇదంతా. కడప ఎండ సంగతి తెలిసినవాళ్ళకు చెప్పక్కర్లేదు, మే నెలలో 43, 44 డిగ్రీలు మామూలే. మధ్యాహ్నం భోజనాలయ్యాక మా ఇంట్లో నాపబండలను తడిబట్టతో తుడిచి చాప కూడా వేసుకోకుండా పడుకుంటాం. ఒకరోజు నిద్ర లేచి చూస్తే ఫ్రిజ్ తలుపు బార్లా తెరిచి ఉంది. పెరుగు గిన్నె మీద మూత పక్కకు జరిగి ఉంది. మీగడ లేదు. మీగడ ఒక్కటే లేదు, కింద పెరుగు గరిటె పెట్టనట్టే ఉంది.

వంటింటి మూలలో కర్రోడు గోడకు అంటుకుపోయి ఉన్నాడు. చెవులు వెనక్కి వాలిపోయి, తోక కాళ్ళ మధ్యకు పోయి, మొహం ఒక పక్కకూ కళ్ళు ఇంకో పక్కకూ తిప్పి, కోర్టు బోనులో నిలబడ్డ మనిషిలాగా. సుబ్బులేమో బియ్యం డ్రమ్ము మీద ఉండచుట్టుకుని మంచి నిద్రలో ఉంది. ఇంక సాక్ష్యం ఎందుకు? "మొగం సూడు వాంది, తప్పు జేసినోని మొగం కాదా అది" అని అవ్వ తీర్పు చెప్పేసింది. ఆ రాత్రి కర్రోడికి సంగటి బంద్, వాకిట్లోనే పడక.

ఇట్లా ఐదుసార్లు జరిగింది. ఐదుసార్లూ వాడిదే ఆ మొహం.

నాకే ఎక్కడో తేడా కొట్టింది. కర్రోడు సంగటి ముద్దను నమలకుండా మింగే రకం, వాడికి పెరుగు గిన్నె దొరికితే గిన్నె తోమే పని కూడా ఉండదు. అట్లాంటోడు పొరలాగా మీగడ మాత్రం తీసుకుని కింది పెరుగు వదిలేస్తాడా? పైగా ఒకరోజు గిన్నె పక్కనే ఎవరో పెళ్ళికి పంచిన ఓళిగలు ఉన్నాయి, వాటిని ముట్టలేదు. ఓళిగ వాసనకు వీడు వీధి చివరి నుంచి వస్తాడు. తీపి అక్కర్లేని దొంగ ఎవరబ్బా అని వెతికితే దొరికింది: పిల్లి జాతికి తీపి రుచే తెలియదట. తీపిని పట్టే జన్యువు వాటిలో పాడైపోయి పనిచేయదని 2005లో తేల్చారు. మీగడలో వాటికి కావలసింది కొవ్వు.

సరే అని మరుసటి రోజు ఊరగాయ జాడీకి ఫోన్ ఆనించి వీడియో పెట్టి పడుకున్నా.

ఆ వీడియో మా బంధువులందరి ఫోన్లలో ఉంది ఇప్పుడు. పన్నెండో నిమిషంలో కర్రోడు వస్తాడు. ఫ్రిజ్ హ్యాండిల్‌కు అమ్మ చేతులు తుడుచుకునే గుడ్డ వేలాడుతుంటుంది, దాని కొస నోటితో పట్టుకుని రెండడుగులు వెనక్కి వేస్తాడు, తలుపు తెరుచుకుంటుంది. ఓరి నీ, అనుకున్నా. కానీ వాడు లోపలికి తల కూడా పెట్టలేదు. ఫ్రిజ్ ముందు బండల మీద కాళ్ళు నాలుగూ చాపి పొట్ట ఆనించి, చల్లగాలికి మూతి పెట్టి కళ్ళు మూసుకున్నాడు. అంతే. వాడికి కావలసింది ఏసీ!

అప్పుడు డ్రమ్ము మీద సుబ్బులు ఒక కన్ను తెరిచింది. దిగింది, ఒళ్ళు విరుచుకుంది, కర్రోడి వీపు మీద కాలు వేసి పైఅరలోకి ఎక్కింది. మూతను ముక్కుతో నెట్టి, ముందరి కాలు కుడిది మీగడలో ముంచి, పైకెత్తి, వేళ్ళ మధ్య మధ్య కూడా వదలకుండా నాకింది. మళ్ళీ ముంచింది. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగుతుందంటారు గానీ అదంతా ఉత్తిదే, ఇది నాకుతున్నంతసేపూ పక్క గదిలో పడుకున్న అమ్మ పాదాలనే చూస్తోంది. పాదం కదిలితే ఆగుతుంది. కదలకపోతే కానిస్తుంది. పని అయ్యాక మళ్ళీ కర్రోడి మీదుగానే దిగి, డ్రమ్మెక్కి, నిద్ర.

మరి వాడు ఏ పాపం తెలియనోడైతే ఆ మొహం ఎందుకు పెట్టాడు? దీనికీ జవాబుంది. 2009లో అలెగ్జాండ్రా హోరోవిట్జ్ అనే పరిశోధకురాలు 14 కుక్కలతో ఒక పరీక్ష చేసింది. తినొద్దని చెప్పి యజమాని బయటికి పోతాడు, లోపల కుక్క తిన్నా తినకపోయినా బయట మాత్రం ఒకసారి తిన్నదని, ఒకసారి తినలేదని చెప్తారు. తేలిందేమంటే, ఆ తప్పుచేసిన మొహం తప్పు చేయడం వల్ల రాదు, తిట్టడం వల్ల వస్తుంది. ఏమీ తినకుండా తిట్లు తిన్న కుక్కలైతే ఇంకా ఎక్కువగా ఆ మొహం పెట్టాయట. మావాడికి తలుపు తెరిచిన ఫ్రిజ్ దగ్గర అమ్మ నిలబడితే ఏమవుతుందో మొదటిసారికే అర్థమైంది, ఇక మేము నోరు తెరవకముందే మొహం సిద్ధం చేసి పెట్టుకుంటున్నాడు. మేమేమో దాన్ని ఒప్పుకోలు అనుకున్నాం.

వీడియో చూసి అవ్వ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత లేచిపోయి కర్రోడికి రెండు కోడిగుడ్లు ఉడకేసింది. నాయనకు మాత్రం మీగడ కంటే కరెంటు బిల్లే బాధ, "అంటే నేను రెండు నెలలు కుక్కకు ఏసీ వేసినానా" అంటాడు.

అట్లాగని కర్రోడు అమాయకుడని రాస్తే నేనూ మోసపోయినట్టే. అంతకుముందు ఏడాది స్కూటర్ తగిలి వాడి వెనక కాలు వాచింది, కట్టు కట్టించి రెండు వారాలు రోజూ గుడ్డు పెట్టాం. కాలు బాగైంది, గుడ్డు ఆగింది. ఆగిన మూడో రోజు నుంచి అవ్వ ఎదురుగా కుంటడం మొదలుపెట్టాడు. వీధిలో వేరే కుక్క మొరిగితే నాలుగు కాళ్ళ మీద గుర్రంలా పోతాడు, వచ్చేటప్పుడు గేటు దాకా మామూలుగా నడిచి, గేటు దాటినాక కుంటుతాడు. అవ్వకు ఇది తెలుసు. తెలిసీ పెడుతుంది.

అవ్వకు ఇట్లాంటివి కొత్త కాదు, వాళ్ళ పుట్టింట్లో ఒక రామచిలక ఉండేదట, అచ్చం వాళ్ళ నాయన గొంతుతో "ఒరే, ఎద్దులు కట్టండ్రా" అని అరిస్తే జీతగాళ్ళు పరిగెత్తుకొచ్చేవాళ్ళట. ఇప్పుడైతే రామచిలకను పంజరంలో పెట్టడం 1972 వన్యప్రాణి చట్టం కింద నేరం, నేను చెప్తే అవ్వ నమ్మదు.

సరే, ఫ్రిజ్ హ్యాండిల్ మీది గుడ్డ తీసేశాం. కర్రోడు వారం రోజులు వచ్చి హ్యాండిల్ కేసి చూసి నిట్టూర్చి పోయాడు. కానీ అవ్వకు ఫ్రిజ్ మీద నమ్మకం పోయింది. "పిల్లి శాపాలకు ఉట్లు తెగుతాయా" అంటూ ఎక్కడిదో పాత ఉట్టి బయటికి తీసి వంటింట్లో ఫ్యాన్ కొక్కేనికి కట్టించింది.

మా సుబ్బులు శపించలేదు. సజ్జ ఎక్కి దూకింది. అందలేదు, గోరు తాడుకు తగిలి జారింది, ఉట్టి ఊగింది, ఊగి సజ్జ దగ్గరికి వచ్చింది. కిందపడ్డ పిల్లి దాన్నే చూస్తూ కూర్చుంది. తర్వాతి రోజు దూకలేదు. సజ్జ అంచున పడుకుని ఒక కాలు చాపి ఉట్టిని కొట్టింది, ఊగి వచ్చినప్పుడు ఇంకోటి కొట్టింది, మూడో ఊపుకు గిన్నె అంచు పట్టుకుంది. 1898లోనే థార్న్‌డైక్ అనే ఆయన పిల్లులను గడియ ఉన్న పెట్టెల్లో పెట్టి చూశాడు, అవి ఆలోచించి కాదు, ఏదో చేస్తుండగా అనుకోకుండా గడియ ఊడితే ఆ పని గుర్తుపెట్టుకుని, పోనుపోను త్వరగా తీస్తాయని రాశాడు. కావచ్చు. కానీ దెబ్బ తిన్న తర్వాత అట్లా కూర్చుని ఉట్టిని చూసిన చూపు ఆయన చూసుంటే ఆలోచించదు అనేవాడా అని నా డౌట్.

ఉట్టి సజ్జకు దూరం జరిగింది, తర్వాత పైకి పోయింది, మొన్న ఇంకో జానెడు.

ఈరోజు మధ్యాహ్నం కాల్‌లో ఉండగా అవ్వ పిలిచింది. పీటెక్కి గిన్నె దించి గట్టు మీద పెట్టా, ఇయర్‌ఫోన్స్‌లో ఎవరో నా పేరు పిలిచారు, గుమ్మం దాకా పోయి అన్‌మ్యూట్ చేసి ఒక ముక్క చెప్పి తిరిగొచ్చా. డ్రమ్ము మీద సుబ్బులు మీసాలు తుడుచుకుంటోంది. ఇంత ఎత్తు నుంచి దించేవాడు ఒకడుండగా ఇక ఎక్కడం ఎందుకు?

నేనింకా ఎవరినీ ఒక్క మాట కూడా అనలేదు. ఇంతలో వాకిట్లో నుంచి కర్రోడు వచ్చాడు, గట్టు మీది గిన్నెను చూశాడు, నా మొహం చూశాడు, చెవులు వెనక్కి వాల్చుకుని మెల్లగా పోయి గోడకు ఆనుకున్నాడు.