డికేడ్ బాక్స్ 550 దగ్గరే ఎందుకు ఆగింది?

మా పాలిటెక్నిక్ ల్యాబ్‌లో ఏ బ్యాచ్ వచ్చినా నేను ఎదురుచూసే ప్రయోగం ఒకటుంది: స్క్వేర్ వేవ్ (ఉన్నట్టుండి ఎక్కి, కాసేపు నిలిచి, ఉన్నట్టుండి దిగే వోల్టేజీ) ఇచ్చి కెపాసిటర్ మీద వోల్టేజీని ఆసిలోస్కోప్‌లో గీతగా చూడటం.

ముందు ఆర్‌సీ సర్క్యూట్, అంటే సిరీస్‌లో ఒక రెసిస్టర్, ఒక కెపాసిటర్ పెట్టిస్తాను. 1 కిలో ఓమ్, 0.1 మైక్రోఫారడ్, అంటే టైమ్ కాన్‌స్టాంట్ (కెపాసిటర్ ఎంత వేగంగా ఛార్జ్ అవుతుందో చెప్పే సమయం, ఆ రెండు విలువల గుణకారం) 100 మైక్రోసెకన్లు. 5 వోల్టుల పల్స్ ఇస్తే అంతసేపటికి 3.16 వోల్టులు ఎక్కుతుంది. పల్స్ వెడల్పు 10 మైక్రోసెకన్లకు తగ్గిస్తే అర వోల్టు కూడా ఎక్కకముందే అయిపోతుంది. ఇది పిల్లలకి తొందరగానే అర్థమవుతుంది.

అసలు మజా రెసిస్టర్ తీసేసి 10 మిల్లీహెన్రీల ఇండక్టర్ (తీగ చుట్టిన కాయిల్), డికేడ్ బాక్స్ (నాబ్ తిప్పి కావాల్సినన్ని ఓమ్‌లు పెట్టుకునే రెసిస్టర్ పెట్టె) సిరీస్‌లో పెట్టాకే. బాక్స్ సున్నా మీద ఉంచి, 200 హెర్ట్జ్ స్క్వేర్ వేవ్ ఇవ్వండి. ఇచ్చింది 5 వోల్టులే, కెపాసిటర్ మీద మాత్రం దాదాపు 8 కనిపిస్తుంది! ఆ పైన కిందికీ పైకీ ఊగుతూ మెల్లగా 5 దగ్గర కుదురుకుంటుంది. కెపాసిటర్ 5 వోల్టులు చేరే వేళకి కాయిల్‌లో కరెంటు ఇంకా పారుతూనే ఉంటుంది. కాయిల్ కరెంటు ఉన్నపళంగా ఆగదు కదా, అందుకే ఛార్జింగ్ 5 దాటి పోతుంది. ఒక్కో ఊపుకి 200 మైక్రోసెకన్లు, అంటే సుమారు 5 కిలోహెర్ట్జ్.

ఇప్పుడు బాక్స్ నాబ్ తిప్పుతూ పోతే ఊపులు ఒక్కొక్కటే చచ్చిపోతాయి. ఓవర్‌షూట్, అంటే ఇలా 5 దాటిపోవడం, పూర్తిగా పోయే విలువ ఫార్ములా ప్రకారం 632 ఓమ్‌లు. బాక్స్ మీద మాత్రం 550 దగ్గరే పోతుంది. 'ఫార్ములా తప్పు సార్' అంటారు. మల్టీమీటర్ చేతికిచ్చి కాయిల్ కొలవమంటాను: 30 ఓమ్‌లు. స్క్వేర్ వేవ్ ఇచ్చే ఫంక్షన్ జనరేటర్ లోపల ఇంకో 50 ఓమ్‌లుంటాయి, అది ప్యానెల్ మీద అవుట్‌పుట్ సాకెట్ పక్కనే రాసి ఉంటుంది. కలిపితే లెక్క సరిపోతుంది. బొమ్మలో గీయని ఈ రెసిస్టెన్సులు కూడా సర్క్యూట్‌లో భాగమేనని వాళ్లు తమంతట తాము పట్టుకోవాలి. అందుకే ముందే చెప్పను.

నాకు మాత్రం 550 కన్నా 360 ఇష్టం. ఓవర్‌షూట్ పావు వోల్టు లోపే ఉంటుంది, 5 వోల్టుల దగ్గరికి అంతకన్నా త్వరగా చేరుతుంది.