మొప్ప కింద కాపురం

విశాఖ వెళ్లిన ప్రతిసారీ బీచ్, కైలాసగిరి, మళ్లీ బీచ్. ఈసారి మాత్రం జువాలజీ లెక్చరర్‌గా రిటైరైన మా పిన్ని తెల్లారి ఐదింటికే లేపి ఫిషింగ్ హార్బర్‌కు లాక్కెళ్లింది. జూన్ 14తో 61 రోజుల వేట నిషేధం ముగిసి, మరబోట్లు ఒక్కొక్కటే తిరిగొస్తున్న వారం. వేలం కేకలు, కాళ్ల కింద ఐసు నీళ్లు.

పిన్ని కానాగంతలు బేరమాడి, ఒకదాని మొప్ప పైకెత్తింది. లోపల మీగడ రంగు పురుగు, బొటనవేలి గోరంత. ఒళ్లు ఒక పక్కకి వంగిపోయి, కొక్కేల్లాంటి కాళ్లతో పట్టుకుని ఉంది. అది కూర్చున్న చోట మొప్ప నొక్కుకుపోయి గుంట పడింది. పక్కనే ఇంకో బుల్లిది.

"రొయ్యకు దూరపు చుట్టం ఇది. పెద్దది ఆడది, చిన్నది మగది. ముందు మగవిగా ఉండి, తర్వాత ఆడవిగా మారతాయి" అంది పిన్ని. నేను రెండడుగులు వెనక్కేశాను.

"ఏటమ్మా, అలా జడిసిపోతన్నావు? సముద్రం సేపకి పురుగుండదేటి!" చేపలమ్మే అప్ప నవ్వింది. గోటితో తీసి అవతల పడేసేదే, పిన్ని చెయ్యి అడ్డం పెట్టింది.

బోటు అంచున ఓ కొంగ కాచుక్కూర్చుంది. పిన్నికి అది చాలు, పాఠం మొదలైంది. కాలిఫోర్నియా తీరంలో ఓ చిన్న చేప మెదడు మీద ఒక రకం పరాన్నజీవి చేరుతుందట. ఇక ఆ చేప నీటి పైకొచ్చి మెలికలు తిరుగుతూ తళుక్కుమంటుంది. అలాంటివి పక్షులకు 10 నుంచి 30 రెట్లు ఎక్కువగా చిక్కుతున్నాయని 1996లో లెక్క తేల్చారు. ఆ పురుగు పెద్దయి గుడ్లు పెట్టేది పక్షి పేగుల్లోనే మరి. అంటే కొంగకు వడ్డించేది పురుగే! అక్కడి ఒక చిత్తడి నేలలో ఎవరు ఎవర్ని తింటున్నారో లంకెలన్నీ లెక్కపెడితే, నూటికి 75 లంకెలు పరాన్నజీవులతో ముడిపడ్డవేనట. స్కూల్లో మనం గీసిన గడ్డి, మిడత, కప్ప, పాము బొమ్మలో వీటి ఊసే లేదు.

మధ్యాహ్నం కంబాలకొండ అడవి. ఎండకి ఎక్కువ నడవలేదు, జంతువులేవీ కనబడలేదు. దారిలో ఓ మామిడి కొమ్మ మీద, చెట్టు రసం పీల్చి బతికే బదనిక మొక్క గుబురుగా ఉంది. బొటనవేలంత పిట్ట ఒకటి దాని పండు మింగి, జిగురు గింజను కొమ్మకేసి రాసి వదిలించుకుంటోంది. మా తాతయ్యయితే వెంటనే కత్తి తెమ్మనేవాడు. ఆస్ట్రేలియాలో కొన్ని అడవుల్లో ఇలాంటి మొక్కల్ని పనిగట్టుకుని తీసేస్తే, మూడేళ్లలో పక్షి జాతులు సుమారు ఐదో వంతు తగ్గాయని 2012లో తేలింది.

తిరుగు రైల్లో నా బ్యాగులో పిన్ని ఇచ్చిన సీసాలు రెండు. ఒకదాంట్లో రొయ్యల పచ్చడి, రెండోదాంట్లో స్పిరిట్‌లో వేసిన ఆ జంట. ఇంటికెళ్లగానే మీ అమ్మ కంటే ముందు నువ్వే బ్యాగు తెరువు అని మరీ మరీ చెప్పింది.