వెలుగు వస్తున్నా సున్నా చూపించిన మాడ్యూల్

నెట్‌వర్క్ స్విచ్‌లో దూర్చి ఫైబర్ తగిలించే ఎస్‌ఎఫ్‌పీ మాడ్యూల్ బొటనవేలంత ఉంటుంది. లేజర్, రిసీవర్‌తో పాటు అందులో ఒక చిన్న మైక్రోకంట్రోలర్ కూడా ఉంటుంది. ఉష్ణోగ్రత, వోల్టేజ్, లేజర్‌ని వెలిగించే బయాస్ కరెంట్, పంపే కాంతి, అందుకునే కాంతి, ఈ ఐదింటినీ కొలిచి స్విచ్ అడిగినప్పుడు ఐ2సీ అనే రెండు తీగల లింక్ మీద చెప్పడం దాని ఫర్మ్‌వేర్ (లోపలి ప్రోగ్రామ్) పని. ఆ చెప్పేది నిజమేనా అని తేల్చడం హైదరాబాద్ ల్యాబ్‌లో నా పని.

ఒక కొత్త ఫర్మ్‌వేర్‌ని రాత్రంతా నడిపి పొద్దున లాగ్ తెరిస్తే, అందుకునే కాంతి మైనస్ 16 డీబీఎం (కాంతి బలానికి కొలమానం, ఇక్కడ దాదాపు 25 మైక్రోవాట్లు) దగ్గర నిలకడగా ఉంటూనే అక్కడక్కడా ఒక్కసారిగా సున్నా మైక్రోవాట్లకి పడిపోయింది. మరుక్షణం మళ్లీ మామూలే. ఇలాంటప్పుడు మొదట కనెక్టర్‌నే అనుమానించాలి. తుడిచి మైక్రోస్కోప్ కింద పెట్టి చూశాను, శుభ్రంగా ఉంది. స్ప్లిటర్ పెట్టి సగం కాంతిని పవర్ మీటర్‌కి పంపాను, అది కదల్లేదు. బిట్ ఎర్రర్లు లేవు, సిగ్నల్ పోయిందని చెప్పే ఎల్‌ఓఎస్ పిన్ మారలేదు. వింతేమిటంటే, కాంతి తగ్గితే ఫర్మ్‌వేరే పెట్టాల్సిన లో-పవర్ అలారం కూడా పడలేదు. అంటే మాడ్యూల్ లోపల విలువ బాగానే ఉంది, బయటికి వచ్చేసరికి పాడవుతోంది.

"ఒకటీ అరా సున్నాలే కదా, స్క్రిప్ట్‌లో వడగట్టేద్దాం" అన్నారు టీమ్‌లో కొందరు. నేను ఒప్పుకోలేదు. రేపు ఏ ఊళ్లోనో మానిటరింగ్ తెర మీద ఆ సున్నా కనిపిస్తే, ఫైబర్ తెగిందనుకుని అర్ధరాత్రి ఒక మనిషిని లైన్ వెంట పంపిస్తారు. తెగని ఫైబర్ కోసం ఆయన ఎంతసేపు వెతకాలి?

డీబీఎం అంకెలు పక్కన పెట్టి, తీగ మీద వచ్చే బైట్లను ఉన్నవి ఉన్నట్టు లాగ్ చేయడం మొదలుపెట్టాక దారి దొరికింది. ఈ కొలతల్ని ఎలా చెప్పాలో నిర్దేశించే ఎస్‌ఎఫ్‌ఎఫ్-8472 ప్రమాణం ప్రకారం ఈ విలువకి రెండు బైట్లు, ఒక్కో అంకె 0.1 మైక్రోవాట్. పై బైట్‌లో ఎన్ని 256లో ఉంటుంది, కింది బైట్‌లో మిగిలింది. 25.5 మైక్రోవాట్లంటే 255, అంటే పై బైట్ 0, కింది బైట్ 255. ఒక్క అంకె పెరిగి 256 అయితే పై బైట్ 1, కింది బైట్ 0. స్విచ్ పై బైట్‌ని చదివేశాక, కింది బైట్ చదివేలోపు విలువ 255 నుంచి 256కి మారితే చేతికొచ్చేది 0, 0. వెనక్కి మారితే 1, 255, అంటే 51.1 మైక్రోవాట్లు. లాగ్‌లో వెతికితే ఆ 51.1 కూడా ఉంది! ఇన్నాళ్లూ దాన్ని నాయిస్ అనుకుని ఎవరూ పట్టించుకోలేదు.

మిగతా నాలుగు కొలతల్లోనూ ఇదే లోపం ఉంది, కానీ బయటపడదు. ఇలా చీలిన రీడింగ్‌లో తప్పు 256 అంకెలకి మించదు. ఉష్ణోగ్రతలో అది ఒక్క డిగ్రీ, అనుమతి ప్లస్ ఆర్ మైనస్ 3 డిగ్రీలు. వోల్టేజ్‌లో 25.6 మిల్లీవోల్టులు, 3.3 వోల్టుల్లో అది ఒక శాతం కూడా కాదు. బలమైన కాంతిలోనూ తేడా తెలియదు. బలహీనమైన కాంతిలో మాత్రం ఆ 25.6 మైక్రోవాట్లే సర్వస్వం. మైనస్ 3 డీబీఎం లాంటి బలమైన కాంతి దగ్గర మాత్రమే టెస్ట్ చేసి ముగించే పద్ధతి అందుకే నాకు నచ్చదు.

తర్వాత దీన్ని కోరినప్పుడల్లా రప్పించాలి. ఐ2సీ 100 కిలోహెర్ట్జ్‌లో నడిస్తే ఒక బైట్‌కి 90 మైక్రోసెకన్లు పడుతుంది. కొత్త విలువ సరిగ్గా ఆ సందులోనే పడాలి, అందుకే అరుదు. క్లాక్‌ని 10 కిలోహెర్ట్జ్‌కి దించితే సందు పది రెట్లు పెద్దదవుతుంది. కాంతిని తగ్గించే అటెన్యుయేటర్‌ని 25.5, 25.6 మైక్రోవాట్ల మధ్య నిలబెట్టి నిదానంగా చదివిస్తే సున్నాలు వరుసకట్టాయి. స్పీడ్ పెంచి ఒత్తిడి పెట్టడమే టెస్టింగ్ అనుకునేవాళ్లకి ఈ సంగతి తప్పక చెప్తాను.

తీగ మీది సిగ్నల్‌ని గీసి చూపే లాజిక్ అనలైజర్‌లో ఆ బొమ్మ చూశాక డెవలపర్లు వాదించలేదు. మొదట, రెండు బైట్లూ రాసేటప్పుడు ఇంటరప్ట్‌లు (మధ్యలో వేరే పని దూరడం) ఆపారు. సున్నాలు తగ్గలేదు. రాయడం మధ్యలో తెగకపోయినా, చదవడం మధ్యలో తెగుతూనే ఉందిగా. రెండోసారి, పై బైట్ అడగ్గానే రెండింటినీ కలిపి పక్కన కాపీ తీసి, కింది బైట్‌ని ఆ కాపీ నుంచే ఇచ్చారు. వారాంతమంతా నడిపాం. సున్నా డిగ్రీల్లో, 70 డిగ్రీల్లో కూడా థర్మల్ ఛాంబర్‌లో పెట్టి చూశాం. ఒక్క సున్నా రాలేదు, ఒక్క 51.1 రాలేదు. టెన్షన్ తీరింది.

ఆ టెస్ట్ ఇప్పుడు ఫర్మ్‌వేర్ ప్రతి కొత్త బిల్డ్‌కీ నడుస్తుంది. తర్వాతి మాడ్యూల్‌లో 32 బిట్ కంట్రోలర్ వచ్చింది, ఒకేసారి రాసేస్తుంది కాబట్టి ఇక అవసరం లేదన్నారు. తీయనివ్వలేదు. ఆ కొత్త కంట్రోలర్‌లోనూ ఐ2సీ తీగ మీదికి బైట్లు ఒకదాని తర్వాత ఒకటిగానే వెళ్తాయి.