రోలు, రబ్బర్లు, ఒక స్టెబిలైజర్: నా టూరింగ్ బండి ఊగుడు కథ

రెడ్ రివర్ దాటి టెక్సాస్‌లోకి వచ్చాక, డెనిసన్ దగ్గర నా బండి తోక ఊపింది. యూఎస్ 75 మీద 72 మైళ్ళ వేగంలో ఉన్నాం, అంటే గంటకు 116 కిలోమీటర్లు. ఎడమకు తిరిగే పెద్ద వంపు అది. కారులో వెళ్తే వంపు ఉందని కూడా తెలియదు. వంపు మధ్యలో కాంక్రీటు పలకల అతుకు మీదికి చక్రం ఎక్కి దిగింది, అంతే. వెనక నుంచి ఎవరో సీటు పట్టుకుని పక్కకు లాగి వదిలినట్టయింది. మళ్ళీ ఇటు, మళ్ళీ అటు, సెకనుకు రెండు మూడు ఊపులు. హ్యాండిల్ పెద్దగా ఆడలేదు కానీ, నా నడుము కింద బండి మొత్తం అలల్లో పడవలా అయింది. వెనక కూర్చున్న మా ఆవిడ నా జాకెట్ గుప్పిట్లో బిగించి పట్టుకుంది.

బ్రేకు వేయలేదు. తెలివితో కాదు, భయంతో వేళ్ళు కదల్లేదు. యాక్సిలరేటర్ మీద చెయ్యి మాత్రం కాస్త సడలింది. 60 కి వచ్చేసరికి బండి సర్దుకుంది. చేయాల్సింది కూడా దాదాపు అదేనని తరవాత తెలిసింది: మోకాళ్ళతో ట్యాంకు నొక్కి పట్టుకోవాలి, ఒళ్ళు ముందుకు వంచాలి, హ్యాండిల్ పీక పిసకకూడదు, యాక్సిలరేటర్ మెల్లగా వదలాలి. ఇంటికి వచ్చేదాకా మా ఆవిడ మాట్లాడలేదు. గరాజ్‌లో హెల్మెట్ తీస్తూ, "ఇక దీని మీద నేనెక్కను" అంది.

బండి సెకండ్ హ్యాండ్‌ది. 2008 మోడల్, పెద్ద వి-ట్విన్ (వి ఆకారంలో రెండు సిలిండర్లున్న ఇంజను), అప్పటికి 41 వేల మైళ్ళు తిరిగింది. ఉత్తి బండే 840 పౌండ్లు, అంటే 380 కిలోలు. కంపెనీ పేరు చెప్పను. మీరు చదవబోయే తప్పుల్లో ఎక్కువ భాగం నావి, నాకు ముందు దాన్ని నడిపినాయనవి.

ముందు ఒక షాపుకు తీసుకెళ్ళాను. ఆయన ఒక రౌండు తిప్పి చూసి, "ఇలాంటి బరువు బండ్లు కొంచెం ఊగుతాయి, అలవాటు పడాలి" అన్నాడు. అలా అన్నందుకు 95 డాలర్లు తీసుకున్నాడు.

సరే, మనవాళ్ళం కదా, రాత్రి రెండింటిదాకా కూర్చుని చదివాను. ఈ రకం బండ్లలో ఇంజను ఫ్రేముకు గట్టిగా బిగించి ఉండదు, రబ్బరు దిండ్ల మీద కూర్చుంటుంది. లేకపోతే ఆ వి-ట్విన్ అదురుకు వంద మైళ్ళకే చేతులు తిమ్మిరెక్కుతాయి. వెనక చక్రాన్ని పట్టుకునే స్వింగార్మ్ తగులుకుని ఉండేది గేర్‌బాక్సుకు. అంటే వెనక చక్రం ఇంజనుతో పాటు ఆ రబ్బర్ల మీదే ఆధారపడి ఉంటుంది. ఇంజను పైకీ కిందికీ ఆడొచ్చు గానీ పక్కలకు ఆడకూడదు. అందుకని ఫ్రేముకూ ఇంజనుకూ మధ్య రెండు చిన్న లింకులు పెడతారు. రబ్బర్లు ముసలివైతే ఆ రెండూ చాలవు. ముందు చక్రం ఒక దారి చూస్తుంటే వెనక చక్రం ఇంకో దారి చూస్తుంది. ఎడ్లబండి ఇరుసుకు గోనెసంచి చుట్టి కట్టినట్టే అనుకోండి.

బయట కంపెనీలు అమ్మే స్టెబిలైజర్ పని ఇక్కడే. గేర్‌బాక్సు కింద ఇంకో లింకు బిగిస్తారు, రెండు చివరలా గుండ్రటి ఉక్కు జాయింట్లు ఉంటాయి. ఇంజను పైకీ కిందికీ కదులుతుంది, పక్కకు మాత్రం పోలేదు. చదవగానే నాకు జబ్బూ మందూ రెండూ దొరికినట్టనిపించింది. 340 డాలర్లు పెట్టి తెప్పించాను. గరాజ్ నేల మీద వెల్లకిలా పడుకుని రెండున్నర గంటల్లో బిగించాను.

తేడా కనిపించింది, అబద్ధం చెప్పను. హై ఫైవ్ అని డల్లాస్‌లో ఐదంతస్తుల ఇంటర్‌ఛేంజ్ ఉంది, యూఎస్ 75, ఐ-635 రోడ్లు కలిసే చోట. ఆ ఎత్తు ర్యాంపుల మీద వంపులోనే అతుకులు వస్తాయి. నా పరీక్షలన్నీ అక్కడే. స్టెబిలైజర్ వేశాక అతుకు మీద ఒక్కసారి ఊగి ఆగిపోయేది. మూడు వారాలు అందరికీ చెప్పుకుని తిరిగాను. కాకపోతే సిగ్నల్ దగ్గర ఆగితే అద్దాల్లో వెనక కారు ఒకటికి రెండు కనిపించేది. కాళ్ళు పెట్టుకునే పలకలు గీ అని అదిరేవి. ఇంజనును ఫ్రేముకు ఎంత గట్టిగా కట్టేస్తే దాని అదురు అంత మన ఒంట్లోకి వస్తుంది మరి.

నాలుగో వారం పెట్టెల నిండా సామాన్లు వేసుకుని ఆస్టిన్ బయల్దేరాను. వేకో దాటాక మళ్ళీ తోక ఊపింది.

నరసరావుపేటలో మా బావకు బుల్లెట్ మెకానిక్ షెడ్డు ఉంది. వీడియో కాల్ చేసి, కొత్తగా బిగించిన లింకు చూపించాను. కాసేపు చూసి, "మంచి సామానే బావా" అన్నాడు. "టైర్లు ఎప్పటియ్యి?"

"గ్రిప్పు బానే ఉంది."

"గ్రిప్పు నేనడగలా. ఎప్పటియ్యని అడిగా. కోన్‌సెట్ చూశావా?"

"షాపాయన చూశాడు."

"నువ్వు చూశావా?"

నేను చూడలేదు.

టైరు పక్క మీద డాట్ (DOT) అనే అక్షరాల తరవాత వచ్చే వరసలో చివరి నాలుగు అంకెలు ఉంటాయి. మొదటి రెండూ టైరు తయారైన వారం, తరవాతి రెండూ సంవత్సరం. చాలా టైర్లకు ఆ అంకెలు ఒక పక్కే ఉంటాయి, నా వెనక టైరుకు చక్రాన్ని తిప్పే బెల్టు వైపు ఉన్నాయి. సెల్‌ఫోన్ లైటు వేసి, తడిగుడ్డతో తుడిస్తే 3111 అని వచ్చింది. 2011 ఆగస్టు నాటిది. టైరుకు నడిమధ్య బల్లపరుపుగా అరిగి, పక్కన మెట్టులా తేలింది. నిటారుగా పోతే బాగానే ఉంటుంది, వాలేటప్పుడు ఆ మెట్టు ఎక్కి దిగాలి. గాలి 40 ఉండాల్సిన చోట 29 ఉంది. ముందు టైరు మీద అరచెయ్యి పెట్టి రాస్తే ఎగుడుదిగుళ్ళు చేతికి తెలిశాయి. ఇదంతా నా కళ్ళ ముందే ఉండగా నేను పోయి స్టెబిలైజర్ కొన్నాను.

టైర్లు మార్చాను. సగం జబ్బు అక్కడే పోయింది.

కోన్‌సెట్, అంటే స్టీరింగ్ బేరింగులు, ఎలా చూడాలో బావ ఫోన్‌లోనే చెప్పాడు. కింద జాకీ పెట్టి ముందు చక్రం నేలకు అంటకుండా లేపాలి. హ్యాండిల్ నిటారుగా పెట్టి, ఒక్క వేలితో పక్కకు నెట్టుకుంటూ పోవాలి. కొంతదూరం వెళ్ళాక దానంతటదే వాలిపోవాలి. ఎంత దూరానికి వాలాలో సర్వీసు పుస్తకంలో కొలత ఉంటుంది. మడ్‌గార్డ్ మీద టేపు అంటించి గుర్తు పెట్టుకోవచ్చు. నాది ముట్టుకోగానే వాలిపోయింది, అంటే బాగా వదులు. అది బిగిస్తే పోయేది. కానీ రెండో చెడు కూడా ఉంది. మెల్లగా అటూ ఇటూ తిప్పుతుంటే నిటారు దగ్గర చిన్న టిక్కు తగిలింది. విప్పి చూస్తే కింది బేరింగు గిన్నెలో రోలర్ల అచ్చులు వరసగా పడి ఉన్నాయి, వేలిగోరు నిలిచేంత లోతు. ఏళ్ళ తరబడి హ్యాండిల్ ఒకేచోట ఉండి, గుంతల దెబ్బలన్నీ అక్కడే తిన్నట్టుంది. గ్రీజు ఎండి మైనంలా అయిపోయింది. కొత్త బేరింగులు 60 డాలర్ల లోపే. విప్పడానికి మాత్రం శనివారమంతా పోయింది.

ఇక్కడ ఒక మాట చెప్పాలి, ఇది నాకూ చాలా ఆలస్యంగా అర్థమైంది. ముందు చక్రం జాడించడం వేరు, బండి తోక ఊపడం వేరు. మొదటిదాన్ని ఇంగ్లీషులో వాబుల్ అంటారు. హ్యాండిల్ సెకనుకు ఎనిమిది తొమ్మిది సార్లు పటపటా కొట్టుకుంటుంది. రెండోది వీవ్, బండి మొత్తం నెమ్మదిగా మెలికలు తిరుగుతుంది. 1971లో బ్రిటన్‌లో రాబిన్ షార్ప్ అనే ఇంజనీరు ఈ రెంటినీ లెక్కలు కట్టి విడదీశాడు. నాకున్నది రెండోది. అయినా ఆ రోజుల్లో స్టీరింగ్ డ్యాంపర్ కూడా కొనబోయాను. అది మొదటిదాన్ని అణుస్తుంది, ఎక్కువ వేగంలో రెండోదాన్ని ఇంకా పెంచగలదు. కొనకుండా ఆపింది నా విజ్ఞానం కాదు, క్రెడిట్ కార్డు బిల్లు.

స్వింగార్మ్ రబ్బర్ల సంగతి త్వరగా చెప్తాను. వెనక చక్రం లేపి రెండు పక్కలా పట్టుకుని లాగితే కంటికి కనపడేంత ఆట ఉంది. విప్పితే రబ్బరు బీటలు వారి ఉంది. ముందు ఇంజను దిండు కూడా కుంగింది. రెండూ కంపెనీ సామానే వేశాను, పనిలో పనిగా చక్రం తిన్నగా ఉందో లేదో కొలిచి సరిచేశాను. ఇది షాపులో చేయిస్తే మజూరీ గట్టిగానే అవుతుంది, నేను బావ సాయంతో రెండు వారాంతాల్లో చేశాను.

ముందాయన వేసిన ఎత్తు గాలి అద్దం (విండ్‌షీల్డ్) కూడా తీసేశాను. నా బండికి ఆ అద్దం బిగించే ముందు తొడుగు హ్యాండిల్‌తో పాటు తిరుగుతుంది, కాబట్టి లారీ పక్క నుంచి పోతే ఆ గాలి నేరుగా స్టీరింగ్‌ను తోస్తుంది. అద్దం ఎంత పెద్దదైతే తోపు అంత. పొట్టి అద్దం పెట్టాక ఐ-35 మీద లారీల పక్కన బతుకు తేలికైంది.

ఇక రోలు. డెనిసన్ రోజు మేం బెంటన్‌విల్‌లో ఉన్న స్నేహితుల ఇంటి నుంచి వస్తున్నాం. మీనా నుంచి టాలిహీనా దాకా 54 మైళ్ళ కొండదారి ఉంది, టాలిమీనా డ్రైవ్ అంటారు, దాని కోసం చుట్టు తిరిగి వచ్చాం. వెళ్ళేటప్పుడు గోంగూర పచ్చడి సీసాలు తీసుకెళ్ళాం. ఊరికే పంపడం ఎందుకని ఆ ఇంటావిడ మాకు ఇనప దోసె పెనం, చిన్న రాతి రోలు ఇచ్చింది. అన్నీ వెనక పెద్ద పెట్టెలో పడేశాం. ఆ పెట్టె వెనక ఇరుసుకు కూడా వెనకాల, ఎత్తులో ఉంటుంది. అక్కడ బరువు పెడితే ముందు చక్రం తేలిక పడుతుంది. మూత లోపల స్టిక్కరు మీద 25 పౌండ్లకు మించొద్దని ఉంది. అన్నాళ్ళూ దాన్ని చదవలేదు. తరవాత, ఆ రోజు మోసిన సామాన్లన్నీ మళ్ళీ పోగేసి బాత్రూం కాటా మీద పెడితే 38 వచ్చింది. రోలే 14. వెనక షాకుల్లో (షాక్ అబ్జార్బర్లలో) చేతిపంపుతో గాలి కొట్టుకోవాలని కూడా నాకు అప్పటిదాకా తెలియదు. ఇద్దరం ఎక్కి, పైన 38 పౌండ్లు పెట్టి, షాకుల్లో గాలి లేకుండా వెళ్తే వెనక కుంగి, స్టీరింగ్ కోణమే మారిపోతుంది.

అన్నీ అయ్యాక మార్చిలో స్టెబిలైజర్ విప్పేసి హై ఫైవ్ ఎక్కాను. 65లో అతుకు మీద చిన్న కుదుపు వచ్చి ఆగింది. మళ్ళీ బిగించి అదే ర్యాంపు, అదే వేగం. కుదుపు ఇంకాస్త తక్కువ, బండి ఒకే ముక్కలా ఉంది. అంటే అది మోసం సామాను కాదు. బాగున్న బండిని ఇంకొంచెం బాగు చేస్తుంది. నేను మాత్రం దాంతో చెడిపోయిన రబ్బర్లను కప్పిపెట్టుకున్నాను. ఫోర్కులకు మంచి స్ప్రింగులు కూడా వేస్తే బాగుంటుందంటారు, వేయలేదు కాబట్టి చెప్పను. చివరికి లింకు తీసేశాను, మా ఆవిడ అరికాళ్ళు జివ్వుమంటున్నాయని. అవును, మళ్ళీ ఎక్కింది. ముందు ఇంటి చుట్టూ, తరవాత లేక్ టెక్సోమా దాకా.

పోయిన నెల అర్వింగ్ నుంచి ఒకబ్బాయి ఆ స్టెబిలైజర్ అడిగాడు. అతని బండి కూడా 70 దాటితే ఊగుతోందట. 150కి ఇస్తానన్నాను. డబ్బు తీసి, "అన్నా, బిగించడం కష్టమా?" అన్నాడు. బండి ఎక్కడ పెట్టావని అడిగి, లైటు తీసుకుని వెనక టైరు దగ్గర కూర్చున్నాను. బెల్టు వైపు తుడిస్తే 4713 అని వచ్చింది.

"డబ్బు జేబులో పెట్టుకో తమ్ముడూ," అన్నాను. "జాకీ తెస్తా ఉండు."