మీటర్‌లో 12 వోల్టులు ఉన్నాయి, ఫ్యాన్ మాత్రం తిరగలేదు

వికారాబాద్ దగ్గర మా బావకి కొంచెం పొలం ఉంది, ఎక్కువగా కంది వేస్తాడు. డ్రిప్పు పైపులు, మందు డబ్బాలు చేల మధ్యకి తీసుకెళ్లడానికి కిందటేడు సెకండ్ హ్యాండ్‌లో ఒక ఏటీవీ, అంటే మట్టిలో నడిచే చిన్న నాలుగు చక్రాల బండి, కొన్నాడు. రోడ్డు మీద ఎంతసేపు నడిపినా ఏమీ కాదు, కానీ గట్టు వెంట నెమ్మదిగా పది నిమిషాలు పోతే చాలు, టెంపరేచర్ లైటు వెలుగుతుంది, పక్క డబ్బాలో కూలెంట్ బుడబుడమని పొంగుతుంది. స్పీడుగా పోయేటప్పుడు ఎదురుగాలే రేడియేటర్‌ని చల్లబరుస్తుంది. నెమ్మదిగా పోతే ఆ పని ఫ్యాన్ చేయాలి. అంటే ఫ్యాన్ తిరగట్లేదు.

ఇలాంటప్పుడు ఎవరూ వేడి మీద రేడియేటర్ మూత తీయకండి. లోపల ప్రెషర్ ఉంటుంది, మూత వదులైన మరుక్షణం మరిగే నీళ్లు ముఖం మీదికి చిమ్ముతాయి. పూర్తిగా చల్లారాకే ముట్టుకోవాలి.

బావ అప్పటికే ఊళ్లో ఆటో ఎలక్ట్రీషియన్‌కి చూపించాడు. అతను బ్యాటరీ నుంచి రెండు వైర్లు తెచ్చి ఫ్యాన్‌కి తగిలిస్తే గిర్రున తిరిగిందట. "మోటర్ మంచిగనే ఉందన్నా, సెన్సర్ పోయింది. బ్యాటరీ నుంచి డైరెక్ట్ వైరు లాగి హ్యాండిల్ కాడ స్విచ్ పెట్టేస్తా" అన్నాడట. బావ సరే అనబోతుంటే నేనే వద్దన్నాను. ఆ బండి బావ ఒక్కడే నడపడు, పనివాళ్లు నడుపుతారు, మా మేనల్లుడు నడుపుతాడు. ఒక్కసారి ఎవరైనా స్విచ్ వేయడం మరిచిపోతే ఇంజిన్ మరీ వేడెక్కి హెడ్ గ్యాస్కెట్ (ఇంజిన్ లోపలి సీలు) పోతుంది, ఆపడం మరిచిపోతే తెల్లారేసరికి బ్యాటరీ డౌన్.

ఆదివారం మల్టీమీటర్ పట్టుకుని వెళ్లాను. ఈ బండిలో వ్యవహారం సింపులే. రేడియేటర్ కింద రెండు వైర్ల థర్మో స్విచ్ ఉంటుంది (ఎలక్ట్రీషియన్ సెన్సర్ అన్నది దీన్నే), కూలెంట్ బాగా వేడెక్కితే అది కలుస్తుంది, దాంతో రిలే, అంటే కరెంటుతో పనిచేసే స్విచ్, పడుతుంది, రిలే ఫ్యాన్‌కి కరెంట్ ఇస్తుంది. ఫ్యూజ్ బాగుంది. థర్మో స్విచ్ కప్లర్ (వైర్లని కలిపే ప్లాస్టిక్ జాయింటు) ఊడదీసి, కీ ఆన్ చేసి, వైర్ల వైపు రెండు పిన్నులనీ చిన్న వైరు ముక్కతో కలిపాను. రిలే టక్ మంది. ఫ్యాన్ కదల్లేదు. అంటే సెన్సర్ మార్చినా లాభం లేదు, తప్పు రిలేలోనో, దాని తర్వాతో ఉంది. టక్ మన్నంత మాత్రాన రిలే లోపలి పాయింట్లు మంచివని కాదు కాబట్టి అదే సైజు హారన్ రిలే తీసి పెట్టి చూశాను. అదే తీరు.

ఇక్కడే నాకు రెండు గంటలు పట్టింది. ఫ్యాన్ కప్లర్ విప్పి పిన్నుల మధ్య మీటర్ పెడితే 12.4 వోల్టులు. కరెంటు ఉంది, మోటర్ బాగుంది, రెండూ కలిపితే తిరగదు! చాలాసేపు కప్లర్ పిన్నులే వదులయ్యాయనుకుని వాటినే నొక్కుతూ కూర్చున్నాను. చివరికి పాత కారు ఇండికేటర్ బల్బు, 21 వాట్లది, అదే కప్లర్‌కి తగిలిస్తే మిణుకు మిణుకుమంది. మీటర్ దాదాపు కరెంటే తీసుకోదు, అందుకే వైరులో ఒక్క పోగు మిగిలినా పూర్తి వోల్టేజీ చూపిస్తుంది. డ్రిప్పు లైన్ చెత్తతో పూడుకుపోయినా, చివర వాల్వు మూసి ఉన్నంతసేపు గేజ్‌లో ప్రెషర్ నిండుగానే ఉంటుంది కదా, వాల్వు తిప్పాకే తెలుస్తుంది నీళ్లు బొట్టుబొట్టుగా వస్తున్నాయని. ఇదీ అంతే.

కాబట్టి కప్లర్ కలిపేసి, ఫ్యాన్‌కి కరెంటు వెళ్తుండగానే కొలవాలి. మీటర్ నల్ల ప్రోబ్ బ్యాటరీ నెగెటివ్ మీద ఉంచి, ఎర్ర ప్రోబ్‌ని ఫ్యాన్ ప్లస్ వైరుకి వెనక నుంచి తగిలించాను, 12.1. తర్వాత ఫ్యాన్ నల్ల వైరుకి తగిలించాను. అక్కడ సున్నా దగ్గరగా రావాలి, మహా అయితే 0.2. నాకు 9.2 వచ్చింది. అంటే ఫ్యాన్‌కి మిగిలింది మూడు వోల్టులు కూడా కాదు, మిగతాదంతా ఎర్త్ దారిలోనే, అంటే కరెంటు ఫ్యాన్ నుంచి ఛాసిస్ (బండి ఇనప ఫ్రేము) మీదుగా బ్యాటరీ నెగెటివ్‌కి తిరిగెళ్లే దారిలోనే, పోతోంది. ఎలక్ట్రీషియన్ బ్యాటరీ నుంచి రెండు వైర్లూ తెచ్చాడు కాబట్టి బండి ఎర్త్ అసలు పరీక్షకే రాలేదు. ప్లస్ వైరు ఒక్కటే తెచ్చి, నల్ల వైరు బండిదే ఉంచి ఉంటే అప్పుడే తెలిసిపోయేది.

నల్ల వైరు వెంట వేళ్లతో తడుముకుంటూ పోతే రేడియేటర్ వెనక ఛాసిస్‌కి బిగించిన బోల్టు దొరికింది, ఎర్రమట్టి గట్టిగా పట్టి ఉంది. విప్పితే లగ్ (వైరు చివర బోల్టుకి తగిలే రింగు) చేతిలోకే ఊడి వచ్చింది, నాలుగైదు పోగుల మీద నిలబడి ఉంది పాపం. రాగి అంతా ఆకుపచ్చగా చిలుము పట్టింది, పైన ప్లాస్టిక్ మాత్రం కొత్తదానిలా ఉంది. మెరిసే రాగి కనిపించేదాకా కోస్తూ పోతే జానెడు వైరు పోయింది. కొత్త ముక్క సోల్డర్ చేసి, కొత్త లగ్ నొక్కి, ఛాసిస్ మీద పెయింట్, తుప్పు ఎమరీ పేపర్‌తో రుద్ది, బిగించాక పైన వాజ్‌లైన్ పూశాను. మళ్లీ కొలిస్తే 0.06.

థర్మో స్విచ్ కప్లర్ దానికి పెట్టేసి ఇంజిన్ స్టార్ట్ చేసి ఊరికే ఉంచాం. కాసేపటికి ఎవరూ ఏమీ ముట్టుకోకుండానే ఫ్యాన్ హోరుమని అందుకుంది, రెండు నిమిషాలు తిరిగి దానంతటదే ఆగింది. బావ మళ్లీ అందుకునేదాకా అక్కడే నిలబడ్డాడు, రెండోసారి కూడా ఆగాక అప్పుడు అన్నానికి వచ్చాడు.

బురద కడిగేటప్పుడు ప్రెషర్ పైపు రేడియేటర్ వెనక కొట్టొద్దని పనివాళ్లకి చెప్పాను, నీళ్లు వైరు లోపలికి ఎక్కేది అక్కడే అని నా అనుమానం. ఇంజిన్ నుంచి ఛాసిస్‌కి వెళ్లే ఎర్త్ మీద కూడా అదే ఎర్రమట్టి పేరుకుని ఉంది, ఈసారి వెళ్లినప్పుడు అదీ విప్పి చూడాలి.